సోయాస్‌ని సాగదీయడం మానేశాక: 12 వారాల నా అనుభవం

కుర్చీలోంచి లేచాక మొదటి మూడు నాలుగు అడుగులు ముందుకి వంగే వేయాలి. గజ్జ లోతులో ఏదో పట్టు, ఇదీ చోటని వేలు పెట్టి చూపించలేం. నడుములో వెన్నెముక పక్కనే నొప్పి, అడ్డంగా కాదు, పైనుంచి కిందికి గీత గీసినట్టు నిలువుగా. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఫిజియోథెరపిస్టు మొదట అనుమానించే వాటిలో సోయాస్ కండరం ఒకటి. (ఇంగ్లీషు స్పెల్లింగులో ముందు ‘పి’ ఉంటుంది, పలకరు.) నాకున్నవి అవే. నాలుగోది కూడా ఒకటి ఉండేది, దాన్ని గుర్తుపట్టడానికే ఆలస్యమైంది. మనసు కుదురుగా ఉన్న రోజున లేవగానే నడక మామూలుగా సాగేది. గుండె దడదడలాడే రోజున మాత్రం అదే కుర్చీ, అదే పని, కూర్చున్న గంటలు కూడా అన్నే అయినా, నడుము ఎత్తడమే కష్టమయ్యేది. ఆ దడ దేని గురించి అన్నది ఇక్కడ అనవసరం. కండరానికీ కారణంతో పనిలేదు. ఊపిరి ఎలా నడుస్తోంది, ఒళ్ళు ఎంత బిగిసి ఉంది, అదే దాని లెక్క.

ఇంతకీ ఇది ఎక్కడుంటుందో చెప్పుకోకపోతే మిగతాదంతా గాల్లో మాటలే అవుతాయి. పేగుల వెనకాల, వెన్నెముకకి చెరో పక్క ఒకటి చొప్పున ఉంటుంది. పై కొస ఛాతీ వెన్నుపూసల్లో చివరిదైన 12వ దానికీ, 5 నడుము పూసలకీ, వాటి మధ్య డిస్కులకీ అతుక్కుని మొదలవుతుంది. అక్కడి నుంచి కటి (పెల్విస్ ఎముకల గూడు) ముందు అంచు మీదుగా దిగి, గజ్జలోంచి పోయి, తొడ ఎముక పైభాగంలో లోపలి వైపున్న చిన్న బుడిపెకి తగులుకుంటుంది. దారిలో తుంటి ఎముక లోపలి గిన్నెలోంచి వచ్చే ఇలియాకస్ దీనితో కలుస్తుంది కాబట్టి రెండిటినీ కలిపి ఇలియోసోయాస్ అంటారు. నడుము పూసల్ని తొడ ఎముకతో నేరుగా కలిపేది ఇదొక్కటే. మోకాలిని పైకెత్తడం దీని పెద్ద పని. నిటారుగా కూర్చున్నప్పుడు నడుముని నిలబెట్టడంలో కూడా ఓ చెయ్యి వేస్తుంది.

దీని ఇరుగుపొరుగు తెలిస్తే సగం విషయం అర్థమవుతుంది. నడుము నుంచి కాలికి వెళ్ళే నరాల అల్లిక ఈ కండరం లోపలే ఉంటుంది. మూత్రనాళం దీని ముందు నుంచే దిగుతుంది. కిడ్నీ పక్కనే. కుడి వైపు అపెండిక్స్ కూడా దూరమేమీ కాదు. అపెండిక్స్ వాచినప్పుడు కుడి కాలిని వెనక్కి లాగితే నొప్పి పుట్టడం డాక్టర్లు చూసే గుర్తుల్లో ఒకటి, దాని పేరే సోయాస్ సైన్. అన్నిటికన్నా దగ్గరి చుట్టం మాత్రం డయాఫ్రం. ఊపిరి తీసే ఆ గొడుగు కండరం కాడలు కుడి పక్క మొదటి 3 నడుము పూసలకీ, ఎడమ పక్క మొదటి రెండిటికీ అతుక్కుని ఉంటాయి. దాని అంచు ఒకటి సోయాస్ పై కొస మీదుగా కమానులా వంగి పోతుంది. అంటే ఊపిరి కండరం, నడక కండరం ఒకే గుంజకి కట్టి ఉన్నాయి. ఒకటి రోజంతా బిర్రబిగిసి ఉంటే రెండోదానికి నిమ్మళం ఎక్కడిది?

భయానికీ దీనికీ సంబంధం చూడాలంటే ఉలికిపాటు దగ్గర మొదలుపెట్టాలి. వెనకాల ఎవరో తలుపు ధడాలున వేశారనుకోండి. ముందు రెప్ప పడుతుంది. ఆ వెంటనే మెడ ముందుకి, భుజాలు పైకి, మోచేతులు మడత, పొట్ట లోపలికి, మోకాళ్ళు కాస్త వంపు. 1930లలో కార్నీ లాండిస్, విలియం హంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వేగంగా తీసే కెమెరాలతో ఈ ఉలికిపాటుని పట్టి వరసగా రాసిపెట్టారు. మొత్తం మీద అది ముడుచుకునే కదలిక. మెదడు కాండం నుంచి వస్తుంది, ఆలోచన అందుకునేలోపే అయిపోతుంది. అప్పటికే భయంలో ఉన్న మనిషికి అదే చప్పుడుకి ఉలికిపాటు మరింత పెద్దదవుతుంది. మెదడులో భయాన్ని నడిపే అమిగ్డలా ఆ మీటని పైకి తిప్పుతుంది. భయపడ్డవాడు ముడుచుకుపోయాడనీ, ధైర్యం చిక్కినవాడు నిటారుగా నిలబడ్డాడనీ మనం అంటూనే ఉంటాం. అలంకారం కోసం పుట్టిన మాటలు కావవి, చూసి అన్నవే.

చప్పుడైతే ఒక్క క్షణం. ఆందోళన గంటల తరబడి సాగుతుంది. ఒత్తిడి హార్మోన్లలో అడ్రినలిన్ సెకన్లలో పనిచేస్తుంది, కార్టిసాల్ పైస్థాయికి చేరడానికే 20–30 నిమిషాలు పడుతుంది. అంటే పది నిమిషాల గొడవ అయిపోయిందనుకుని మనం లేచి వెళ్ళాక ఒంట్లో కార్టిసాల్ ఇంకా పైకెక్కుతూ ఉంటుంది. ఈలోగా ఊపిరి ఛాతీ పైభాగానికి చేరుతుంది, చిన్నదవుతుంది, మధ్యమధ్యలో ఆగిపోతుంది కూడా. కండరం లోపల తన పొడవుని కొలిచే స్పిండిల్ అనే సన్నని పోగులుంటాయి. నాడీవ్యవస్థ వాటి చురుకుని పెంచగలదు, తగ్గించగలదు. చురుకు పెరిగితే కొద్దిపాటి సాగుకే కండరం ఎదురు లాగుతుంది.

ఇక్కడొక మాట ఖచ్చితంగా చెప్పాలి. సోయాస్‌ని ఆత్మ కండరం అనీ, పాత దుఃఖాలన్నీ అందులో దాచి ఉంటాయనీ ఊదరగొట్టేవాళ్ళున్నారు. కండరానికి జ్ఞాపకాలు దాచుకునే అర లేదు. జ్ఞాపకం ఉండేది మెదడులో, దాని ఆజ్ఞ అందేది కండరానికి. పైగా ఇది ఇంత లోతున ఉండటం వల్ల చర్మం మీద ఎలక్ట్రోడ్ అతికిస్తే దీని పని సరిగ్గా నమోదు కాదు, సన్నని తీగని సూదితో లోపలికి పంపాలి. కాబట్టి ‘నీ కోపం ఎడమ సోయాస్‌లో ఉంది’ అని పొట్ట తడిమి చెప్పేవాళ్ళని నమ్మనక్కర్లేదు. ఒత్తిడి వల్ల కండరాలు బిగుస్తాయి, ఊపిరి మారుతుంది, నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. ఇవి నిజాలు. నా 12 వారాలకి ఈ మూడూ సరిపోయాయి.

ఈ 12 వారాల కంటే ముందు చేసింది తప్పు పని. మోకాలు నేలకి ఆనించి, రెండో కాలు ముందుకి వేసి, తుంటిని ముందుకి తోసే సాగుడు. పక్కకి 2 నిమిషాల చొప్పున, రోజుకి రెండుసార్లు, 6 వారాలు. చేసిన అరగంట హాయిగా ఉండేది, తర్వాత షరా మామూలే. ఎందుకు పనిచేయలేదో తర్వాత తెలిసింది. తుంటిని తోస్తున్నానని అనుకుంటూ నిజానికి నడుముని వెనక్కి వంచుతున్నాను. సోయాస్ సాగాల్సింది పోయి నడుము పూసలు వెనకవైపు నొక్కుకునేవి, తుంటి కీలు ముందువైపు గుచ్చుకునేది. పైగా సాగు గట్టిగా తెలిసేకొద్దీ పళ్ళు కరుచుకుని ఊపిరి బిగబట్టేదాకా వెళ్ళడమే సాధన అనుకున్నాను. కాపలా కాస్తున్న కండరాన్ని పట్టుకుని లాగితే అది ఇంకా గట్టిగా కాస్తుంది. తొలి వారాల్లో సాగుడు వల్ల వచ్చే మార్పు కూడా ఎక్కువగా సాగుని ఓర్చుకోవడంలో వచ్చేదే, కండరం పొడవు పెరిగి కాదు.

మొదలుపెట్టే ముందు డాక్టర్ దగ్గర తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇందులో బద్ధకం పనికిరాదు. జ్వరంతో పాటు గజ్జ నొప్పి ఉండి కాలు చాపలేకపోతే సోయాస్‌లో చీము గడ్డ కావచ్చు. వెన్నెముక టీబీ వల్ల కూడా అలాంటి గడ్డ కట్టవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి హఠాత్తుగా గజ్జ నొప్పి, తొడ ముందు తిమ్మిరి వస్తే కండరంలో రక్తం చేరిందేమో చూడాలి. నడుము నుంచి గజ్జకి అలలు అలలుగా దిగే నొప్పి కిడ్నీ రాయిది కావచ్చు. పొట్టలో గుండెలా కొట్టుకుంటూ నడుము నొప్పి ఉంటే పెద్ద రక్తనాళం ఉబ్బిందేమో చూపించుకోవాలి. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట చర్మం మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రాత్రిళ్ళు నిద్ర లేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవి కూడా వ్యాయామంతో సరిపెట్టుకునే సంగతులు కావు. నాకు ఇవేవీ లేవని తేలాకే నేల మీద దుప్పటి పరిచాను.

కొలతలు మూడు పెట్టుకున్నాను. మొదటిది థామస్ పరీక్ష. 19వ శతాబ్దపు ఎముకల వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ పేరుతో ఉంది. గట్టి బల్ల అంచున పిరుదుల కింది భాగం ఉండేట్టు కూర్చుని, రెండు మోకాళ్ళూ గుండెలకి హత్తుకుని వెనక్కి పడుకోవాలి. ఒక మోకాలిని పట్టుకునే ఉండి రెండో కాలిని మెల్లగా కిందికి వదిలేయాలి. తొడ బల్ల మట్టానికి దిగితే సరే. దిగకుండా గాల్లో నిలబడితే తుంటిని ముడిచే కండరాలు బిగిసి ఉన్నాయని. తొడ దిగి, మోకాలు మాత్రం వంగకుండా కాలు ముందుకి చాపుకుని ఉంటే ఆ బిగువు సోయాస్‌ది కాదు, తొడ ముందున్న రెక్టస్ ఫెమోరిస్‌ది. ఇందులో అందరూ చేసే పొరపాటు, పట్టుకున్న మోకాలిని వదులుగా పట్టుకోవడం. అప్పుడు నడుము పైకి లేచి, బిగిసిన కాలు కూడా చక్కగా దిగినట్టు కనిపిస్తుంది. మరీ గట్టిగా లాగినా తప్పే, మంచి కాలు కూడా గాల్లో నిలుస్తుంది. నడుము బల్లకి ఆనితే చాలు. నా కుడి తొడ బల్ల మట్టానికి సుమారు 6 సెంటీమీటర్ల పైన ఆగింది, ఎడమది 2.

రెండోది బలం. స్టూలు మీద నిటారుగా కూర్చుని, చేతులు పెట్టకుండా, ఒక మోకాలిని తుంటి మట్టం దాటి పైకెత్తి 10 సెకన్లు ఉంచాలి. తుంటి 90 డిగ్రీలు దాటాక ఎత్తే పని ప్రధానంగా ఇలియోసోయాస్ మీదే పడుతుంది. వెనక్కి వాలిపోవడం, వీపు గూని కావడం, తొడ ముందు కండరం పట్టేయడం, ఇవన్నీ అది చేతకాక పక్కవాళ్ళని పిలుస్తోందన్న గుర్తులు. నా కుడిది 4 సెకన్లకే వణికింది. బిగుతుగా ఉన్నది గట్టిగా కూడా ఉంటుందన్న నా లెక్క అక్కడ తప్పింది. బిగుతు వేరు, బలం వేరు. పిడికిలి రోజంతా బిగించి ఉంచిన చేత్తో సాయంత్రం చెంబు ఎత్తి చూడండి.

మూడోది ఊపిరి. ఒక అరచెయ్యి రొమ్ము మీద, ఒకటి బొడ్డు పైన పెట్టుకుని, మార్చే ప్రయత్నం చేయకుండా నిమిషానికి ఎన్నో లెక్కపెట్టడం. పెద్దవాళ్ళకి విశ్రాంతిలో 12 నుంచి 20 మామూలు. నాకు 19 వచ్చాయి, పై చెయ్యే కదిలింది. వీటితో పాటు ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. సమయం, ఏం జరుగుతోంది, ఊపిరి ఆగిందా, గజ్జ పట్టు పదికి ఎంత. రోజుకి నాలుగుసార్లు, ఒక్కో వాక్యం. ఏమనిపించింది అని పేజీలు రాయడం మొదటి వారంలోనే మానేశాను, ఆ రాతే కొత్త ఆందోళన అయ్యేది.

మొదటి 3 వారాలు చేసింది చూసేవాళ్ళకి ఏమీ చేయనట్టే ఉంటుంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేల మీద ఆనించడం. మడమలు పిరుదులకి 30–40 సెంటీమీటర్ల దూరంలో, పాదాల మధ్య ఎడం తుంటి వెడల్పు. తల కింద 2–3 సెంటీమీటర్ల మందాన మడిచిన తువ్వాలు, గడ్డం పైకి లేవకుండా. చేతులు పొట్ట మీదో పక్కనో. 15 నిమిషాలు, రోజుకి రెండుసార్లు. ఈ భంగిమలో తొడ ఎముక బరువు పాదం మీదకీ, కటి మీదకీ దిగుతుంది. కాలుని పట్టుకుని ఉండాల్సిన పని సోయాస్‌కి ఉండదు.

తప్పులు ఇక్కడ కూడా జరుగుతాయి. నడుము కింద సందు ఉందని దాన్ని నేలకి నొక్కేయాలనిపిస్తుంది. వద్దు, నొక్కితే పొట్ట బిగుస్తుంది. ఆ సందు ఉండాల్సిందే. మోకాళ్ళు పక్కలకి పడిపోతుంటే వాటిని పట్టి నిలబెట్టడానికి తొడలు పని మొదలుపెడతాయి. పాదాలు కాస్త ఎడం చేసి రెండు మోకాళ్ళనీ ఒకదానికొకటి ఆనించేస్తే సరి, లేదా తొడల చుట్టూ వదులుగా ఒక బెల్టు. మెత్తటి పరుపు మీద చేస్తే నడుము కుంగి ఏమీ తేలదు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజున పాదాలు నేల మీద పెట్టడం కూడా కష్టమనిపిస్తే, పిక్కలు రెండూ కుర్చీ మీద పెట్టి తుంటి, మోకాలు 90 డిగ్రీల్లో ఉంచితే ఇంకా సులువు. నేను మొదటి 4 రోజులు అలాగే చేశాను. ఫోను చేతిలో ఉంటే మాత్రం ఎలా పడుకున్నా దండగే.

రెండో వారం నుంచి ఊపిరి కలిపాను. ముక్కుతో 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి. నిమిషానికి 6. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ నరం పట్టు పెరిగి గుండె కాస్త నెమ్మదిస్తుంది, తీసుకునేటప్పుడు కాస్త వేగమవుతుంది. వదలడాన్ని పొడిగించడంలోని కిటుకు అదే. పక్కటెముకల కింది భాగం అన్ని వైపులకీ విచ్చుకోవాలి, పొట్టని పైకి తోసి చూపించాల్సిన పనిలేదు. నేను మొదటి రోజు చేసిన పొరపాటు పెద్ద పెద్ద ఊపిరులు తీయడం. అయిదు నిమిషాలకి తల తేలిపోయి, పెదాల చుట్టూ చిమచిమలాడింది. అది శాంతి కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం. ఊపిరి నెమ్మదిగా ఉండాలి గానీ నిండుగా అక్కర్లేదు. 4–6 కష్టమైతే 3–4తో మొదలుపెట్టొచ్చు. లెక్క తప్పుతుందన్న కంగారే వస్తే లెక్క మానేసి వదిలేటప్పుడు మెల్లగా ‘స్...’ అనుకోవడం మేలు.

మూడో వారం చివర ఒక కదలిక చేర్చాను, అదే నన్ను ఎక్కువగా మార్చింది. అదే పడకలో అరచేతిని కుడి మోకాలి మీద, అంటే తొడ చివర పెట్టి, మోకాలితో చేతిని, చేత్తో మోకాలిని నెట్టడం. ఏదీ కదలకూడదు. బలం పదిలో రెండు వంతులు. 5 సెకన్లు నెట్టి, ఊపిరి వదులుతూ ఒక్కసారిగా కాదు, మంచు కరిగినట్టు వదలడం. తర్వాత 10–15 సెకన్లు ఏమీ చేయకుండా గమనించడం. అయిదుసార్లు, తర్వాత రెండో కాలు. బిగించి వదిలి తేడా పట్టడమన్న ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, ఎడ్మండ్ జేకబ్సన్ అనే వైద్యుడు దాదాపు వందేళ్ళ కిందటే ఒళ్ళంతటికీ ఇలాంటి సాధన తయారుచేశాడు. ఎప్పుడూ బిగిసి ఉన్న చోట బిగువు తెలియదు. కావాలని కాస్త బిగిస్తేనే వదలడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. పదికి పది బలం పెడితే మాత్రం మెడ, దవడ అన్నీ పోగవుతాయి, పని చెడుతుంది.

వణుకు గురించి. అలిసిన కండరం వదిలేటప్పుడు తొడలు సన్నగా వణకడం మామూలే. నాకు నాలుగో వారంలో రెండుసార్లు వచ్చింది, అర నిమిషం ఉండి ఆగింది. వణుకు వస్తేనే లోపలిదంతా పోతున్నట్టు అనుకుని దాన్ని రప్పించడానికి కాళ్ళు ఆడించడం అనవసరం. వస్తే రానివ్వడం, ఆగకపోతే కాళ్ళు చాపేయడం, అంతే.

ఏడుపు కూడా రావచ్చు. పన్నెండు వారాల్లో నాకు మూడుసార్లు, ఏ ఆలోచనా లేకుండానే, కళ్ళు చెమర్చాయి. పాత గాయమేదో కండరంలోంచి ఊడిపడిందని చెప్పుకుంటే వినడానికి బావుంటుంది. నిజానికి రోజంతా ఊపిరి బిగబట్టి నెట్టుకొచ్చిన మనిషి పావుగంట ఏ పనీ లేకుండా పడుకుంటే, అప్పటిదాకా పక్కకి తోసినవి పైకి రావడంలో వింతేముంది? అయితే ఘోరమైన అనుభవాల్లోంచి వచ్చినవాళ్ళకి ఈ నిశ్శబ్దం, ఈ భంగిమ మేలు కంటే కీడు చేయొచ్చు. గుండె వేగం పెరిగినా, గది దూరమైపోతున్నట్టు అనిపించినా కళ్ళు తెరిచి, లేచి కూర్చుని, పాదాలు నేలకి గట్టిగా ఆనించి, చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు పైకి చెప్పుకోవాలి. అది మళ్ళీ మళ్ళీ జరిగితే ఒంటరిగా చేయకూడదు, మానసిక చికిత్సకుల తోడు తీసుకోవాలి. ధైర్యం పరీక్షించుకునే చోటు కాదిది.

పొట్టలోకి వేళ్ళు దించి సోయాస్‌ని నొక్కడం, దాని కోసం అమ్మే కొక్కేల్లాంటి పనిముట్లు, బంతి మీద బోర్లా పడుకోవడం, వీటిని నేను ముట్టుకోలేదు. మధ్యలో పేగులు, పెద్ద రక్తనాళాలు, మూత్రనాళం ఉన్నాయని పైన చెప్పుకున్నాం. శరీర నిర్మాణం చదువుకున్న చేతులు నెమ్మదిగా చేస్తే అది వేరు. ఇంట్లో బరువంతా మోపి చేస్తే పొట్ట ఇంకా బిగుసుకుంటుంది, అంటే మనం తగ్గిద్దామనుకున్న కాపలాని మనమే పెంచుతున్నట్టు.

అయిదో వారానికి పుస్తకంలో ఒక సంగతి తేలింది. గజ్జ పట్టు 6 దాటిన ప్రతి నమోదుకీ పక్కన ‘ఊపిరి ఆగింది’ అని ఉంది. ఎక్కువసేపు కూర్చున్న రోజులన్నిటికీ పట్టు లేదు. సందేశం చదివేటప్పుడు, జవాబు రాసి పంపే ముందు, ఎవరో పిలిచే ముందు, ఊపిరి ఆగడం, తొడలు కుర్చీ మీంచి వెంట్రుకవాసి పైకి లేవడం. పరుగుకి సిద్ధమైన కాలు, కుర్చీలో కూర్చునే. దీనికి పెట్టుకున్న మందు చాలా చిన్నది. పంపే మీట నొక్కే ముందు ఒక్క పొడుగాటి నిశ్వాసం, రెండు మడమలూ నేలకి తగిలాయా అని చూసుకోవడం. కుర్చీ ఎత్తు పెంచి తుంటి మోకాళ్ళ కంటే వేలెడు పైన ఉండేట్టు చేశాను. 40 నిమిషాలకొకసారి లేవడం, నడుము దగ్గర బిగుతు బట్ట మానడం, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద దిండు. వీటి గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

సాగుడు మళ్ళీ మొదలైంది ఆరో వారంలో, వేరే తీరున. అదే భంగిమ, ఒక మోకాలు నేల మీద, కింద మెత్త. ఈసారి తుంటిని ముందుకి తోయకుండా, నేల మీదున్న కాలి వైపు పిరుదుని బిగించి, తోక ఎముకని కిందికి దించినట్టు కటిని వెనక్కి తిప్పడం. అక్కడే సాగు తెలుస్తుంది, ఒక్క అంగుళం ముందుకి వెళ్ళక్కర్లేదు. 30 సెకన్లు, మూడు నెమ్మది ఊపిరులు, పక్కకి రెండుసార్లు. పిరుదు బిగిస్తే దానికి ఎదురు పని చేసే సోయాస్ వదులుకోవడానికి వీలు దొరుకుతుంది. ఊపిరి ఆగిందంటే ఎక్కువ చేస్తున్నట్టు, వెనక్కి రావాలి. కీలు ముందు గుచ్చుకుంటే మానేయాలి, అది సాగు నొప్పి కాదు.

బలం పని వారానికి 3 రోజులు, ఏడో వారం నుంచి. వెల్లకిలా పడుకుని, నడుము కదలకుండా, ఒక్కో పాదాన్ని వంతులవారీగా పైకెత్తి దించడం, పక్కకి 8 చొప్పున 2 వరసలు. రెండు వారాలకి అది తేలికయ్యాక పాదాల చుట్టూ సన్నని రబ్బరు బ్యాండు. తర్వాత గోడ పక్కన నిలబడి మోకాలిని తుంటి దాకా ఎత్తి 5 సెకన్లు ఆపడం, 6 సార్లు. పైకెత్తేటప్పుడు ఊపిరి వదలాలి. దించడం ఎత్తడం కంటే నెమ్మదిగా ఉండాలి. మర్నాడు గజ్జ పట్టు మామూలు కన్నా 2 అంకెలు పెరిగితే వరస ఒకటి తగ్గించేవాణ్ణి. ఎనిమిదో వారంలో ఉత్సాహం కొద్దీ బ్యాండు మందం మార్చి 3 వరసలు చేస్తే 4 రోజులు వెనక్కి పోయాను. దానికి తోడు నొప్పి తిరగబెట్టిందన్న భయం. నడుము నొప్పి ఉన్నవాళ్ళలో భయం కూడా తోడైతే వీపు కండరాలు, పూర్తిగా ముందుకి వంగినప్పుడు వదులు కావాల్సినవి, బిగిసే ఉంటాయని ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. ఆ 4 రోజులూ బలం పని ఆపి, నేల మీద పడక, ఊపిరి మాత్రం ఉంచాను.

12వ వారం చివర కొలతలు మళ్ళీ తీశాను. కుడి తొడ బల్లకి 2 సెంటీమీటర్ల పైన ఆగింది, ఎడమదానితో సమానం. కూర్చుని మోకాలెత్తడం కుడి పక్క 10 సెకన్లు నిలిచింది, చివర్లో కాస్త వణుకుతూ. విశ్రాంతిలో ఊపిరి 13. కుర్చీలోంచి లేచాక వంగి నడవడం వారానికి ఒకటి రెండుసార్లకి తగ్గింది. అవి ఏ రోజులో పుస్తకం చూడకుండానే చెప్పగలను. బలం పని వారానికి 2 రోజులకి తగ్గించాను. నేల మీద పడుకోవడం మాత్రం రోజుకి ఒకసారి, సాయంత్రం, 15 నిమిషాలు, ఇంకా నడుస్తోంది.